ఎడమవైపు తోక

ఆ ఫ్యాక్టరీలో నూట ఎనభై మంది పొద్దున్నే వచ్చి ఏదో ఒకటి తయారుచేసేవారు. ఒక్క మనిషి మాత్రం వచ్చి విరగ్గొట్టేది. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ మిగతా అన్నిచోట్లా ఆమె విరుపులక్కే. "విరుపులక్కగారి ఇల్లేనా అండీ" అని ఎవరైనా ఇంటికి ఫోను చేస్తే, మొదట్లో ఆమె అత్తగారు రాంగ్ నంబరని పెట్టేసేది. తర్వాత ఆవిడకీ అలవాటైపోయింది. అయినా ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా కోడలి చేతికి గాజు సీసా అందించలేదు. ఆ ఇంట్లో ఇప్పటిదాకా పగిలిన మూడు సీసాలూ అత్తగారి చేతిలోవే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఫ్యాక్టరీలో చేసేవి సిరామిక్ రింగులు. సిరామిక్ అంటే టీ కప్పుల జాతే గానీ, ఆ జాతిలో చదువుకున్న బిడ్డ లాంటిది. తెల్లటి పొడిని ప్రెస్సులో పెట్టి రింగులా నొక్కుతారు, బట్టీలో కాలుస్తారు. ఇనుముకంటే గట్టిగా తయారవుతుంది. ఆ రింగు పంపులో గిర్రున తిరిగే కడ్డీ పక్కన కూర్చుని నీళ్లు బయటికి రాకుండా కాపలా కాస్తుంది. దానితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఇనుము విరిగే ముందు వంగుతుంది, మూలుగుతుంది, నాలుగు రోజుల ముందే ఏదో ఒకటి చెబుతుంది. సిరామిక్కు మాటా పలుకూ లేదు. ఒక్కసారి టప్‌మంటుంది, అంతే.

అందుకే ప్రతి బ్యాచ్ పొడితోనూ రింగులతో పాటు కొన్ని కడ్డీలు కూడా చేస్తారు. అగ్గిపుల్లంత పొడుగు, పెన్సిల్లో సగం లావు. వాటిలో ముప్పైటిని టెస్టు గదికి పంపితే విరుపులక్క ఒక్కొక్కటే మెషిన్‌లో రెండు దిమ్మెల మీద అడ్డంగా పెట్టి, పైనుంచి నొక్కి విరిచి, ఎంత బరువుకు విరిగిందో రిజిస్టరులో రాస్తుంది. మంచి కడ్డీకి మూడు వందల యాభై అటూ ఇటూగా వస్తుంది. ఇరవై తొమ్మిదో ఏట ప్యాకింగు నుంచి ఆ గదికి వచ్చింది. చెయ్యి వణకదని పంపారు. ఆ చెయ్యి ఆ తర్వాత కూడా ఎప్పుడూ వణకలేదు. జరిగిన తప్పుకు చేతి వణుకు కారణం కాదు.

మొదటి తొమ్మిదేళ్లూ వచ్చిన అంకె వచ్చినట్టు రాసింది. తొమ్మిదో ఏడు చివర్లో ఒక రోజు సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారని హడావుడి. అప్పటి పెద్దసారు టెస్టు గదిలోకి వచ్చి రిజిస్టరు మీద వేలు పెట్టాడు. ముప్పై అంకెల్లో ఒకటి నూట తొంభై.

"ఇదేంటమ్మా?"

"అంతే వచ్చిందండీ."

"కడ్డీ వంకరగా పెట్టుంటారు."

"లేదండీ. తిన్నగానే పెట్టాను."

"పెట్టుంటారు. స్పేర్‌ ఒకటి విరవండి."

ముప్పైతో పాటు అదనంగా పంపే స్పేర్‌ కడ్డీల్లో ఒకటి విరిస్తే మూడు వందల యాభై రెండు వచ్చింది.

"చూశారా!" అన్నాడాయన సంతోషంగా. "వంకరగా పెట్టినవాటిని రాయకూడదమ్మా. లెక్క పాడవుతుంది."

రెండోసారీ ఆయనే చెప్పాడు. మూడోసారి కనుబొమలు ఎత్తాడు. నాలుగోసారి నుంచి ఆయన ఏమీ చెయ్యాల్సిన పని లేకపోయింది. బాగా తక్కువ వచ్చిన కడ్డీని ఆమే పక్కన పడేసి, స్పేర్‌ విరిచి, ఆ అంకె రాసేది. కొన్నాళ్లకు ఆ కడ్డీలను తనే వంకరగా పెట్టినట్టు నిజంగానే నమ్మసాగింది. ప్రతి బ్యాచ్‌లో రెండుసార్లో మూడుసార్లో చెయ్యి వంకరపోతోందని బాధపడి, ఎందుకైనా మంచిదని కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్లింది. చూపు భేషుగ్గా ఉందన్నాడాయన.

అలా పదకొండేళ్లు గడిచాయి. ఆ పెద్దసారు రిటైరయ్యాడు. కొత్త పెద్దసారు వచ్చాడు. ఆయన వెనకాలే హెడ్డాఫీసు నుంచి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చింది.

ఆ అమ్మాయి పని డేటా. ఏ పొడి, ఎప్పుడు నొక్కారు, బట్టీలో ఎంత వేడిలో ఎన్ని గంటలు ఉంచారు, చివరికి ఎంత బలం వచ్చింది అన్న వివరాలన్నీ ఒకచోట చేర్చి ఒక సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పాలి. అది అన్నీ నెమరేసి, ఇకముందు ఎలా చేస్తే మంచి సిరామిక్ వస్తుందో చెబుతుంది. మనుషులు పదేళ్లు తంటాలు పడి తెలుసుకునేది అది పది నిమిషాల్లో చెబుతుందని హెడ్డాఫీసు కాగితంలో రాశారు. దాన్ని గేటు దగ్గర అంటించారు. దాని పక్కనే క్యాంటీన్ చెంచాలు ఇంటికి తీసుకెళ్లవద్దని ఇంకో కాగితం ఉండేది. జనం రెండోదాన్నే చదివేవారు.

ఫ్యాక్టరీలో ఏసీ ఉన్నది టెస్టు గదికే, అదీ మెషిన్ కోసం. డేటా అమ్మాయి అక్కడే బల్ల వేసుకుంది. యాభైకి దగ్గరపడిన మనిషిని అక్కా అనలేక, ఆంటీ అంటే నొచ్చుకుంటుందేమోనని మొదటి వారం మేడమ్ అంది. ఆ మేడమ్ ఎవరా అని విరుపులక్క ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేది. రెండో వారానికి అక్కా దగ్గర స్థిరపడింది. నలభై మూడు రిజిస్టర్లను ఇద్దరూ కలిసి నాలుగు నెలల్లో ఎక్కించారు. ఒకరు చదివితే ఒకరు కొట్టడం.

అన్నీ మింగి సాఫ్ట్‌వేర్ చెప్పిన మొదటి సలహా ఇది: ఈ ఫ్యాక్టరీ సరుకు బలంలో హెచ్చుతగ్గులు చాలా తక్కువ. కాబట్టి రింగు మందం నాలుగు మిల్లీమీటర్లు అక్కర్లేదు, మూడు చాలు. కొత్త పెద్దసారు ఆ మాట చెప్పడానికి స్వయంగా టెస్టు గదికి వచ్చాడు. "ఇదంతా మీ రిజిస్టర్ల పుణ్యమేనమ్మా" అన్నాడు.

విరుపులక్క టీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టింది. మళ్లీ తీసుకుంది.  చాలామంది నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ, ఆమె నోట్లో పదకొండేళ్లుగా నానుతూనే ఉంది. ఇంకో రోజు నానితే ఏమవుతుందిలే అనుకుంది.

అయిదు నెలల తర్వాత సరుకు తిరిగొచ్చింది. మూడు వేల పలచటి రింగుల్లో తొంభై పంపులోనే రెండు ముక్కలయ్యాయి. ఒక ఊళ్లో మూడంతస్తుల భవనానికి రెండు రోజులు నీళ్లు ఎక్కలేదట. ముక్కలను అట్టపెట్టెల్లో సర్ది, పెట్టెల మీద "పగిలే వస్తువు, జాగ్రత్త" అని రాసి మరీ పంపారు.

మీటింగు పెట్టారు. అంకెలు బాగున్నాయి, పొడి కొన్న చోటే కొంటున్నారు, మెషిన్‌ను కంపెనీ మెకానిక్ వచ్చి చూసి దివ్యంగా ఉందని సంతకం పెట్టాడు. ఇక మిగిలింది బట్టీ. బట్టీ అంటే బట్టీ మేస్త్రి.

బట్టీ మేస్త్రికి అక్కడ ఇరవై ఆరేళ్ల సర్వీసు. మనిషి ఎంత తక్కువ మాట్లాడతాడంటే, ఆయన కూతురి పెళ్లైన సంగతి జనానికి మనవడు పుట్టాక తెలిసింది. విరుపులక్క ఆయన్ను అన్నయ్య అని పిలిచేది. ప్యాకింగు రోజుల నుంచీ ఇద్దరూ ఒకే బస్సు. ఒకటో తారీకు నుంచి ఆయన్ను బట్టీ నుంచి తీసి గోడౌన్‌కు మార్చాలని, అదీ "విచారణ ముగిసేదాకా మాత్రమే" అని నిర్ణయించారు. ఆయన ఎదురు చెప్పలేదు. అంతకంటే ఘోరం, తన మీద తనకే అనుమానం వచ్చింది. వేడి చూపించే మీటరును సరిగ్గా చదవలేకపోతున్నానేమోనని కళ్లజోడు మార్చాడు.

"ఎలా ఉన్నాయి అన్నయ్యా కొత్తవి?" అని అడిగింది విరుపులక్క బస్సులో.

"పాతవాటిలో ఎలా కనిపించిందో అలాగే కనిపిస్తోంది" అన్నాడు మేస్త్రి. "అదే అర్థం కావట్లేదు."

ఆ వారంలోనే డేటా అమ్మాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పి ఒక బొమ్మ చూపించింది. మధ్యలో గుట్టలా లేచి, కుడివైపు సన్నగా జారిన గీత.

"అక్కా, ఇవి మీరు విరిచిన కడ్డీలు. ఎక్కువ భాగం మధ్యలో ఉన్నాయి. కొన్ని బాగా గట్టివి, అదుగో కుడివైపు తోక. మరి ఎడమవైపు తోక ఏదీ?"

"ఎడమవైపు ఉండాలా?"

"ఉండాలక్కా. సిరామిక్ కదా. ఎక్కడో ఒక కడ్డీలో లోపం ఉంటుంది, అది త్వరగా విరుగుతుంది. మీ మొదటి తొమ్మిదేళ్లలో ఎడమ తోక ఉంది. తర్వాత ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు పోయింది. ఆ ఏడు ఫ్యాక్టరీ ఏమైనా ఒక్కసారిగా బాగుపడిందా?"

"బాగుపడింది" అంది విరుపులక్క.

ఆ అమ్మాయి తల ఊపి, నోట్సులో "బాగుపడింది, కారణం తెలియదు" అని రాసుకుంది.

ఆ సాయంత్రం విరుపులక్క మొగుడితో చెప్పింది. ఆయనకు సందు చివర ఫొటో స్టూడియో ఉంది. వచ్చినవాళ్ల మొహాల మీద మొటిమలూ మచ్చలూ కంప్యూటర్‌లో తుడిచేసి, ఉన్నదానికంటే ఒక పిసరు బాగా చేసి పంపిస్తాడు. ఆ వీధిలో ఆయనకు శత్రువులు లేరు. భార్య చెప్పిందంతా విని కాసేపు ఆలోచించాడు.

"ఒక మచ్చ తుడిచేస్తే మనిషి మారిపోతాడా ఏమిటి?"

"పాస్‌పోర్టు ఫొటోలో కూడా తుడుస్తారా?"

"అమ్మో, దాంట్లో ముట్టుకోను. పట్టుకుంటారు."

 అత్తగారు లోపలి గదిలోంచి, "ఏం పగిలింది?" అని కేకేసింది. ఏమీ పగల్లేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

సెలవు రోజున విరుపులక్క రెండు బస్సులు మారి పాత పెద్దసారు ఇంటికి వెళ్లింది. ఆయన లుంగీ కట్టుకుని కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. గుర్తుపట్టి ఎంతో ఆప్యాయంగా కుర్చీ వేశాడు. ఆయన భార్య టీ తెచ్చింది. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆమె విషయం చెప్పింది.

"నేనలా అన్నానా?" అన్నాడాయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అన్నారండీ. తక్కువ వస్తే వంకరగా పెట్టినట్టే అన్నారు."

"అలా అని ఉండనమ్మా. మొదటిసారి ఏదో అని ఉంటే ఉండొచ్చు. పదకొండేళ్లూ నేను మీ పక్కన నిలబడలేదు కదా."

"నిలబడలేదండీ."

"మరి? చేతులు మీవి కదమ్మా" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. వెళ్లేటప్పుడు ఒక చిన్న కుండీలో మొక్క పెట్టి ఇచ్చాడు. రోజు విడిచి రోజు నీళ్లు చాలన్నాడు.

ఒళ్లో కుండీ పెట్టుకుని బస్సులో కూర్చుంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించింది. రెండో బస్సు ఎక్కేసరికి ఆ ప్రయత్నం మానేసింది. మొదటి మూడుసార్లూ ఆయనవి. మిగతావన్నీ తనవి.

మర్నాడు పొద్దున పెద్దసారు గదిలోకి వెళ్లేసరికి అక్కడ డేటా అమ్మాయీ బట్టీ మేస్త్రీ కూడా ఉన్నారు. మేస్త్రి చేత బదిలీ కాగితం మీద సంతకం పెట్టిస్తున్నారు. విడిగా చెబుదామనుకుని వచ్చింది, విడిగా చెప్పే వీలు లేకపోయింది.

"ఆయన సంతకం పెట్టకూడదండీ" అంది. "బట్టీ తప్పు లేదు. తక్కువ అంకెలు వచ్చేవి. నేను రాయలేదు."

పెద్దసారుకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

"ఎన్ని రాయలేదు?"

"బ్యాచ్‌కు రెండు. ఒక్కోసారి మూడు. పదకొండేళ్లు."

డేటా అమ్మాయి పెదవులు కదుపుతూ లెక్క వేసింది. "మూడు వేల పైనే" అంది మెల్లగా.

"అవి ఎక్కడైనా విడిగా రాసి పెట్టారా?"

"లేదండీ."

"పోనీ, గుర్తున్నాయా?"

"మూడు వేలా అండీ?"

పెద్దసారు తన ప్రశ్న తనకే వినిపించినట్టు చూపు తిప్పుకుని కిటికీ వైపు చూశాడు. బట్టీ మేస్త్రి కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. "నేను అద్దాలు మార్చుకున్నానమ్మా" అన్నాడు.  లేచి బట్టీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలకు పైగా బస్సులో ఆమె పక్కన కాకుండా, ముందు సీట్లో, డ్రైవరు వెనకాల కూర్చున్నాడు.

శిక్ష వేయాలని ఆఫీసువాళ్లకు ఉంది గానీ, ఫారంలో ఈ నేరానికి గడి లేదు. వస్తువు పోతే ఒక గడి, పగిలితే ఒక గడి. పగిలినదాన్ని రాయకపోతే ఏ గడీ లేదు. చివరికి "పరికరాలను అజాగ్రత్తగా వాడుట" కింద మెమో ఇచ్చారు. ఆ ఏటి ఉత్తమ ఉద్యోగుల జాబితాలోంచి పేరు తొలగిస్తున్నట్టు అందులో రాశారు. ఆ జాబితాలో ఆమె పేరు ఏ ఏడూ లేదు. చదివి సంతకం పెట్టింది.

మెమో ఆమెను అంతగా బాధపెట్టలేదు. బాధపెట్టింది ల్యాప్‌టాప్‌. నమ్మలేని అంకెలను సాఫ్ట్‌వేర్‌లో చెరిపెయ్యరు, బూడిదరంగు చేసి వదిలేస్తారు. డేటా అమ్మాయి ఒక మీట నొక్కితే పదకొండేళ్ల రిజిస్టర్లు, వాటిలో జ్వరంతో వచ్చి విరిచిన రోజులు, పిల్ల పరీక్షలప్పుడు సెలవు పెట్టకుండా విరిచిన రోజులు, అన్నీ ఒకేసారి బూడిదరంగుకు మారిపోయాయి.

"ఇంతేనా ఇక?" అంది విరుపులక్క.

"ఇంతే అక్కా. సారీ."

"నీదేముందమ్మా ఇందులో."

కాసేపయ్యాక విరుపులక్కే అంది, "స్టోరులో కడ్డీలున్నాయి."

నిజమే, ఉన్నాయి. ప్రతి బ్యాచ్ నుంచి అయిదు కడ్డీలు విరవకుండా డబ్బాలో దాచాలని ఒక పాత నియమం ఉంది. ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గనక ఎవరూ తీసెయ్యలేదు. మూడేళ్లవి నిలవ ఉంటాయి. లెక్క ప్రకారం రెండు వేల నూట అరవై ఉండాలి. రెండు వేల నూట పది దొరికాయి. మిగతా యాభైలో కొన్నిటితో స్టోరు గుమాస్తా కిటికీ రెక్కలకు అడ్డు పెట్టాడు, కొన్నిటిని ఎవరో సుద్దముక్కలనుకుని నల్లబల్ల మీద ప్రయోగించి పారేశారు, ఒకటి క్యాంటీన్ బల్ల కాలు కింద ఉంది. డేటా అమ్మాయి బల్ల ఎత్తించి దాన్నీ తెచ్చింది. దాని మీద బ్యాచ్ నంబరు చెక్కుచెదరలేదు. విరిస్తే నాలుగు వందల పన్నెండు వచ్చింది, మొత్తం పరీక్షలో అదే అన్నిటికంటే గట్టిది. అప్పటి నుంచి ఆ బల్ల ఊగుతూనే ఉంది.

రోజుకు నలభై చొప్పున విరిచారు. రెండో రోజునే ఒక చిక్కు వచ్చింది. తక్కువ అంకె వచ్చిన ప్రతిసారీ విరుపులక్క ముక్కను భూతద్దం కింద పెట్టి, విరిగిన మొహం చూసి, తనలో తనే ఏదో గొణుక్కునేది.

"ఏమంటున్నారక్కా?"

"ఏం లేదు. బెజ్జం అంటున్నా."

"బెజ్జమేంటి?"

"ఇదుగో, ఇక్కడ సూదితో పొడిచినట్టు లేదూ? ఇక్కణ్నుంచి మొదలై విరిగింది. నిన్నటిది వెంట్రుక."

ఆ అమ్మాయి భూతద్దంలోకి వంగి చూసింది, మళ్లీ ఈమె వైపు చూసింది. "ఇవన్నీ మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను కదమ్మా."

"మరి రిజిస్టరులో ఎందుకు రాయలేదు?"

"గడి లేదు."

డేటా అమ్మాయి ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా సాఫ్ట్‌వేర్‌లో గడి పెట్టింది. పేర్లు విరుపులక్క చెప్పినవే. లోపల సన్నటి చీలిక ఉంటే వెంట్రుక. చిల్లు ఉంటే బెజ్జం. పొరలు విడిపోతే ఉల్లిపొర. అంచు ముందే చితికి ఉంటే అంచుదెబ్బ. అయిదోది దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది.

"ఏదీ కాకపోతే ఏం రాయాలక్కా?"

"ఏమో."

"అదే, ఏం రాద్దాం?"

"ఏమో అనే రాయి. తెలీనప్పుడు ఏమో అంటాం కదా."

అలా అయిదో పేరు "ఏమో" అయ్యింది. తర్వాత ఆ గడి వేరే ఫ్యాక్టరీలకు వెళ్లినప్పుడు హెడ్డాఫీసులో ఎవరో దాన్ని "అనిర్ధారిత కారణము" అని మార్చారు. వారం పాటు దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదు. తెలియదని ఒప్పుకోవడానికి అంత పెద్ద మాట అడ్డం వచ్చింది. డేటా అమ్మాయి మళ్లీ "ఏమో" చేసింది, జనం నొక్కారు.

యాభై మూడో రోజున ఆఖరి కడ్డీ విరిగింది. బాగా తక్కువ వచ్చినవి నూట నలభై రెండు. గీతకు ఎడమవైపు తోక వచ్చింది. అందవిహీనంగా, ఎగుడుదిగుడుగా ఉంది గానీ, వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు నమలడానికి ఏదో దొరికింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నూట నలభై రెండిట్లో ఎనభై ఎనిమిది బెజ్జాలు. ఎనభై ఎనిమిదిలో డెబ్బై ఒకటి సోమవారం పొద్దున నొక్కిన కడ్డీలు.

"సోమవారం ఏముంది?" అంది డేటా అమ్మాయి తెర వైపు చూస్తూ.

బట్టీ మేస్త్రిని పిలిపించారు. ఆయన గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"ఆదివారం సెలవు కదా. శనివారం సాయంత్రం ప్రెస్సు తొట్టిలో మిగిలిన పొడిని ఎవరూ తియ్యరు. రెండు రాత్రులు అందులోనే ఉండి గట్టిపడుతుంది. సోమవారం నొక్కితే నలగదు, మధ్యలో సందులు మిగులుతాయి. నేను పదేళ్ల కిందటే చెప్పాను."

"ఎవరికి చెప్పారు?"

"పాత పెద్దసారుకి."

"ఏమన్నారు?"

మేస్త్రి విరుపులక్క వైపు చూడకుండా చెప్పాడు. "రిజిస్టరు తెప్పించి చూశారు. అంకెలు బాగానే ఉన్నాయి కదయ్యా అన్నారు. నేనే పొరపడ్డానేమో అనుకున్నాను."

 మెమో మీద సంతకం పెట్టినప్పుడు రాని ఏడుపు విరుపులక్కకు అప్పుడు వచ్చింది. ఆమె ఏడవడం ఎవరూ చూసి ఉండలేదు గనక ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. డేటా అమ్మాయి, అవసరం లేకపోయినా, ఏసీ తగ్గించింది.

"ఆ అంకెలు నావే అన్నయ్యా" అంది విరుపులక్క.

"తెలుసమ్మా" అన్నాడు మేస్త్రి. గుమ్మం దాటి లోపలికొచ్చాడు. భూతద్దం అందుకుని ఒక ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "ఏదీ, బెజ్జం ఎక్కడుంది? నాకు చూపించు."

చూపించింది. కొత్త అద్దాల్లోంచి ఆయనకు కనిపించింది. ఆ సాయంత్రం బస్సులో ముందు సీటు ఖాళీగా ఉంది.

మందు అతి చిన్నది. శనివారం సాయంత్రం తొట్టి ఖాళీ చేసి, మూత పెట్టి, సంతకం పెట్టాలి. పది నిమిషాల పని. రింగును మళ్లీ నాలుగు మిల్లీమీటర్లు చేశారు. ఏడాది అంకెలు చూశాక ధైర్యం చేసి మూడున్నరకు దించారు. ఆ మూడున్నరవి తిరిగి రాలేదు. హెడ్డాఫీసు ఒక సభలో దీని గురించి ఇరవై నిమిషాలు చెప్పింది. తెర మీద గీత చూపించారు, తోక చూపించారు, సాఫ్ట్‌వేర్ కొన్న పెద్దమనిషిని లేపి చప్పట్లు కొట్టారు. తొట్టి ఊసు రాలేదు. డేటా అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు, ఆ అయిదు పేర్లూ టెస్టు గదిలో పనిచేసే మా అక్క పెట్టినవని ఒక వాక్యం అంది. దాన్ని ఫోనులో రికార్డు చేసి పంపింది. విరుపులక్క మొగుడు స్టూడియోలో పెద్ద స్పీకరు పెట్టి మరీ ఆ వాక్యం రెండుసార్లు విన్నాడు. అత్తగారు విని, "ఇదంతా విరగ్గొట్టినందుకేనా?" అంది.

డేటా అమ్మాయి వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. వెళ్తూ ఆ పేర్ల గడిని తనతో తీసుకుపోయింది. ఇప్పుడు మూడు ఫ్యాక్టరీల్లో మనుషులు తక్కువ అంకె వస్తే భూతద్దం కింద పెట్టి వెంట్రుకో, బెజ్జమో, ఏమోనో నొక్కుతున్నారు.

మొన్నొక మధ్యాహ్నం అలాంటి ఒక చోటి నుంచి ఫోను వచ్చింది. కొత్తగా టెస్టు గదిలో చేరినాయన. మాట్లాడుతుంటే భయం తెలుస్తోంది.

"అక్కా, మీరేనా పేర్లు పెట్టింది? నాకు ఈ వారం ఒకే రకంగా నాలుగు విరిగాయి. మీ అయిదింటిలో దేన్లోనూ పట్టట్లేదు. ఏమో నొక్కమంటారా?"

"నాలుగూ ఒకే రకమైతే ఏమో ఎందుకవుతుంది? చూడ్డానికి ఎలా ఉంది?"

"ఎలా అంటే..." అవతల ఆయన ముక్కను వెలుగులోకి తిప్పుతున్న అలికిడి. "పాత గోడ మీద సున్నం ఊడొచ్చినట్టు ఉందక్కా."

"మీ ఇంట్లో దాన్నేమంటారు?"

"పెచ్చు అంటాం."

"అయితే పెచ్చు అని రాయి. డేటా చూసే అమ్మాయికి చెప్పి గడి పెట్టించు. పెట్టింది నువ్వని కూడా చెప్పు."

ఫోను పెట్టేసి విరుపులక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఆ పూట ఇంకా పదహారు కడ్డీలు విరవాల్సి ఉంది.